రెండు మీటలు

మార్చి 11, మంగళవారం. దుప్పట్లు ఉతికి ఆరేశాను, వంటింటి డబ్బాలు కడిగి సర్దాను, మా ఆయన పంపిన మెకానిక్‌కి ఫోన్లో దారి చెప్పి రప్పించాను.

అత్తయ్య కరెంటు చక్రాల కుర్చీ నాలుగు రోజులుగా కదలడం లేదు. మోటారు కాలిపోయిందని ఇంట్లో చెప్పింది నేనే.

మెకానిక్ బ్యాటరీ చూశాడు, వైర్లు లాగి చూశాడు, చివరికి కుర్చీ వెనకవైపు వంగాడు.

"మోటారుకేం రోగం లేదమ్మా. చేత్తో తోసుకోవడానికి ఈ రెండు మీటలు పైకెత్తుతారు. ఎత్తితే మోటారు చక్రాల్ని వదిలేస్తుంది. ఎవరెత్తారు?"

అత్తయ్య రోజూ సాయంత్రం ఒంటరిగా పెద్దరోడ్డు దాకా వెళ్లొస్తున్నారని ఎత్తింది నేనే. ఆవిడకేమైనా అవుతుందన్న భయం కంటే, అలా జరిగితే అందరూ నన్నంటారన్న భయమే ఎక్కువ.

"నేనే బాబూ," అన్నారు అత్తయ్య. "కోడలు తోస్తుంటే మహారాణిలా ఉంటుందని ఎత్తాను."

మెకానిక్ నవ్వబోయి ఆగాడు. మీటలు కుర్చీ వెనక, నేలకి జానెడు ఎత్తులో ఉన్నాయి. అత్తయ్య చేతులు వెనక్కి తిరగవు. ఆవిడ జడ వేసేది కూడా నేనే.

అతను నా వైపు ఒకసారి చూసి, మీటలు కిందికి నొక్కి, పనిముట్లు సర్దుకున్నాడు.

సాయంత్రం గేటు తీసి, "నేనూ రానా అత్తయ్యా?" అన్నాను.

"వద్దులే. ఈసారి భయమేస్తే కుర్చీతో కాదే అమ్మాయ్, నాతో చెప్పు."

కుర్చీ వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

అత్తయ్యకి బాకీపడ్డ నాలుగు సాయంత్రాల్లో ఒకటి తీరింది.