ఆకు పసుపెక్కింది

"అమ్మా, ఆకు పసుపెక్కింది, సూసినావా?"

డాబా మీద నుంచి వినోద్ కేక. గౌరి మెట్ల మధ్యలో కూలబడి మోకాళ్ళు నొక్కుకుంటోంది. పక్కన నీళ్ళ బకెట్. బెంగాలీల రైల్వే ఊళ్ళో, తాల్‌బగీచా పేటలోని ఆ ఇంటికి పైన కుళాయి లేదు. పొద్దునా సాయంత్రం ఈ మోత ఆమెదే.

"సూసినాను. దానికేటి సెయ్యమంటావు?"

"టోనికి ఫోటో పెట్టినాను. కోతకి ముందు ఆకు అలాగే పండుతాదంట. ఎరువు పొయ్యొద్దని మళ్ళీ సెప్పినాడు. నువ్వు గానీ ఆవచెక్క నీళ్ళు పోస్తన్నావేటి?"

"లేదు నాయనా. నువ్వు వద్దన్న రోజే ఆపీసినాను."

ఆరేసిన చీరల చాటున వరసగా కుండీలు. కుండీల్లో గంజాయి మొక్కలు. రైల్వే వర్క్‌షాపులో జీవితమంతా సమ్మెట కొట్టిన గౌరి భర్త జగ్గారావు, రిటైరై కట్టుకున్న డాబా అది. ఆయన పోయాక కొడుకు దాని మీద వేసిన పంట ఇది. రైల్వే పరీక్షలు రాసి రాసి విసిగిపోయినవాడికి మలంచాలో సెల్‌ఫోన్ దుకాణం నడిపే టోని తగిలాడు. విత్తనాలు వాడే ఇచ్చాడు. ఒక్క కోత చేతికొస్తే దుకాణంలో వాటా ఇస్తానన్నాడు. ఏం వాటాయో, ఏం పాడో!

తెలిసిన రోజు గౌరి ఏడ్చింది. పక్క వీధి రెబెక్కా కొడుకుని ఇలాంటి సరుకుతోనే పోలీసులు పట్టుకుపోయారు. ఇంకా బెయిలు రాలేదు. ఆ తల్లి కోర్టు చుట్టూ తిరుగుతూనే ఉంది.

"పీకీరా బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఒక్క మొక్క మీద సెయ్యేసినావంటే ఇల్లొదిలి ఎలిపోతాను. మళ్ళీ నా మొకం సూడవు."

అన్నంత పనీ చేసే రకం వాడు. ఒకసారి చేశాడు కూడా. అప్పుడు ఎక్కడున్నాడో తెలియక ఆమె తిండీ నిద్రా మానేసింది. అందుకే ఈసారి నోరు మూసుకుంది. కుర్రాడు అస్తమానం డాబా ఎక్కితే ఇరుగుపొరుగుకి అనుమానం వస్తుందని, నీళ్ళు పోసే పని కూడా తనే నెత్తిన వేసుకుంది. గొడవపడే ఓపిక ఆమెలో ఎప్పుడో అయిపోయింది.

వాసన సంగతి మాత్రం వినోద్ బుర్రే.

"డాబా మీద ఉప్పుసేపలు ఎండబెట్టమ్మా. ఆ కంపులో ఈ వాసన ఎవుడికి తెలుస్తాది?"

"వాటికి ఉప్పు సానా కావాల్రా."

"నేను తెస్తాను కదా!"

తెచ్చాడు. గోల్‌బజార్ నుంచి రాళ్ళుప్పు బస్తా సైకిల్ మీద వేసుకొచ్చి, తనే భుజాన పెట్టుకుని పైకి మోశాడు.

పథకం బాగానే పారింది. పక్కింటి బెంగాలీ ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఓ దీదీ, ఈ శుట్‌కీ చేపల గొడవ ఇంకెన్నాళ్ళు?" అని గోడ మీంచి దెబ్బలాడేదే తప్ప, చీరల వెనక్కి తొంగి చూడలేదు.

"అయిపోవచ్చింది దీదీ, కొంచెం ఓర్చుకో," అనేది గౌరి.

ఆదివారం టోని వచ్చాడు. చీర పక్కకి తీసి మొక్కలు చూశాడు. ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపాడు. పొడైపోయింది. మొగ్గలు కూడా గోధుమరంగుకి తిరిగి వేలాడుతున్నాయి.

"ఫోటోలో సూసి పండుతోందనుకున్నాను. ఇది పండడం కాదురా, మాడిపోడం! ఎరువు దంచి పోసినారు కదా?"

"లేదన్నా, ఒట్టు! అమ్మ ఉట్టి నీళ్ళే పోసింది."

టోని గౌరి వైపు చూశాడు. చెమటోడుతూ, బకెట్ పట్టుకుని నిలబడిన ఆ మనిషిని ఏమనగలడు?

"ఈ పని నీ వల్ల కాదు. ఇంక నాకు ఫోన్ సెయ్యకు," అని దిగి వెళ్ళిపోయాడు.

మొక్కలన్నీ వినోద్ తనే పీకాడు. గోతాంలో కుక్కి ఎక్కడో పారేసి వచ్చి, గోడకి చేరబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గౌరి పక్కన కూర్చుని తల నిమిరింది.

"ఊరుకో నాయనా. మీ నాన్నతో పనిసేసిన హరిబాబు మావయ్య, నిన్ను కాంట్రాక్టరు దగ్గరికి తీసుకెల్తానన్నాడు. రేపు ఎల్దువు గాని. లే, అన్నం తిను."

కంచంలో వేడన్నం, చారు, వేయించిన ఎండుచేప. వినోద్ ముక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"సేప ఇంత సప్పగా ఉందేటమ్మా?"

"వయసైపోతంది కదరా, మర్సిపోయుంటాను," అంది గౌరి, కంచంలో చిటికెడు ఉప్పు వేస్తూ.

వాడు మోసిన బస్తా ఉప్పంతా కుండీల్లోనే కరిగింది.