మూడు చుక్కలు

"అది వద్దు. ఇది పట్టుకపో."

వెంకటేశం చేతిలోని పుస్తకం లాక్కుని, ఇంకోటి పెట్టాడు ఐలన్న.

లాక్కున్నది నిగనిగలాడే రంగుల గైడుబుక్కు. పెట్టింది అట్ట ఊడిన చింకి పుస్తకం. రెండూ వియన్నా నగరానివే.

పటాన్‌చెరులో ఉండే విదేశీ శాస్త్రవేత్తలు ఇళ్లు ఖాళీ చేసినప్పుడల్లా ఇలాంటివి ఐలన్న పాత పేపర్ల దుకాణానికి వచ్చిపడేవి.

వెంకటేశానికి అసలే కంటిమీద కునుకు లేదు. హత్నూర పల్లె నుంచి వచ్చి పంపుల కంపెనీలో ఫిట్టరై ఎనిమిదేళ్లయింది. ఇప్పటికీ హైదరాబాదులో కోఠీకి పోతే తప్పు బస్సెక్కి వస్తాడు. అలాంటివాణ్ణి కొత్త మిషన్ పని నేర్చుకు రమ్మని కంపెనీ వియన్నా పంపుతోంది. పాత మిషన్ కూడా అక్కడివాళ్లు చేసిందే.

తోడు రావలసిన ఇంజనీరు చలపతిరావుకు కామెర్లు. ఒక్కడే పోవాలి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి అక్కడి ఫ్యాక్టరీ గేటు ముందుండాలి.

"పోనంటే ఏమైతది?" అంది నిన్న రాత్రి ఇంట్లో భార్య నర్సింహమ్మ.

"ఇంకొకణ్ని పంపుతరు. పాత మిషిన్‌తోటి నన్ను గూడ బయట పడేస్తరు."

పోతే తప్పిపోతాడని భయం. పోకపోతే పని పోతుందని భయం.

"నువ్వు సదివినవా కాకా దీన్ని?" చింకి పుస్తకం తిరగేస్తూ వెంకటేశం ఐలన్నను వెటకారంగా అడిగాడు.

"బొమ్మలు సూడకు. పటం సూడు."

"అట్ట లేనిది అంటగడుతున్నవా?"

ఐలన్న పురికొస అందుకున్నాడు. కుడిచేయి ఎప్పటిలాగే తువ్వాలలో చుట్టి ఉంది. ఎడమచేత్తోనే రెండు పుస్తకాలూ కలిపి, పురికొస పళ్లతో లాగి కట్టాడు.

"రెండూ పట్టుకపో. దీనికి పైసలొద్దు."

పేపర్లు తూచేవాడు నాకు ఊరు చూపిస్తాడట! నవ్వుకున్నాడు వెంకటేశం.

వియన్నాలో దిగాక ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది.

అది ఆదివారం. ఏ మిషన్నైనా నడిపే ముందు ఒకసారి ఒట్టిగా తిప్పి చూడటం ఫిట్టర్ల అలవాటు. సోమవారం పోవలసిన దారిని ఈరోజే ఒకసారి నడిచి చూద్దామని బయల్దేరాడు.

ట్రాం దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ఎటునుంచి వచ్చాడో తెలియలేదు.

అన్నీ ఒకేలాంటి మేడలు. దుకాణాలన్నీ మూత. ఎముకలు కొరికే చలి. సాయంత్రం నాలుగున్నరకే చీకటి కమ్ముకొస్తోంది. ఒక ముసలామె కనబడితే ఫ్యాక్టరీ అడ్రసు రాసిన చీటీ చూపించబోయాడు. ఆమె బెదిరి గబగబా వెళ్లిపోయింది.

"ఓరి దేవుడా, నన్ను జూసి ఈమె భయపడుతున్నది!"

పాస్‌పోర్టు ఉందో లేదో పదోసారి తడుముకున్నాడు. ఇక్కడ పడిపోతే నర్సింహమ్మకు కబురు చెప్పేవాడు కూడా లేడు.

రంగుల పుస్తకం తీశాడు. రాజమహళ్లు, కేకులు, పాటకచేరీలు. ఫ్యాక్టరీ ఉన్న పేట అందులో లేనే లేదు.

చింకి పుస్తకం విప్పాడు. మడతలు మడతలుగా పెద్ద పటం. దాని మీద పెన్సిల్ చుక్కలు.

ఒక చోట ఒక చుక్క. ఇంకో చోట రెండు. చివర మూడు, పొయ్యిరాళ్లలాగా.

వెంకటేశం పటాన్ని వీధిదీపం కిందికి తెచ్చి చూశాడు.

ఈ చుక్కలు అతనికి తెలుసు!

మిషన్ విప్పే ముందు దాని ముక్కల మీద పంచ్‌తో, అంటే మొనదేలిన ఉలితో, చుక్కలు కొట్టుకుంటారు. బిగించేటప్పుడు ఒక చుక్క ఒక చుక్కతో, రెండు రెండింటితో కలవాలి. అందరూ మూడు చుక్కలు వరసగా కొడతారు. వాళ్ల పాత మిషన్ మీద మాత్రం పొయ్యిరాళ్లలా ఉంటాయి. ఎనిమిదేళ్లుగా ఆ చుక్కలు చూసే బిగిస్తున్నాడు. ఒక్కనాడూ తప్పలేదు. ఎవరు కొట్టారంటే, "ఎవడో పాత ఫిట్టరట" అనేవారు.

పటం అంచున అరిగిపోయిన తెలుగు అక్షరాలు.

"ఒకటి, గడియారం గుడి. రెండు, ఇనుప వంతెన. మూడు, ఫ్యాక్టరీ గేటు."

దాని కింద ఇంకో మాట.

"వంతెన కాడ బాగ భయమైతది. నిలవడకు. నడువు."

వెంకటేశానికి ఏడుపొచ్చింది. తలెత్తి చూస్తే ఎదురుగానే చర్చి, దాని మీద గడియారం.

నడిచాడు. వంతెన మీద నిజంగానే పైప్రాణాలు పైనే పోయాయి. నిలబడలేదు. గేటు ముట్టుకుని, మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టుకుంటూ వెనక్కి వచ్చాడు.

రెండు వారాలూ రోజూ భయపడ్డాడు. రోజూ ఆ మాట చదువుకునే వంతెన దాటాడు.

తిరిగొచ్చే ముందు ఐలన్న కోసం ఉన్ని చేతితొడుగుల జత కొన్నాడు. ఈ పుస్తకం ఎవరింటి నుంచి వచ్చిందో ఐలన్ననే అడగాలి. ఆ పాత ఫిట్టరు బతికుంటే వెళ్లి కాళ్లు మొక్కాలి.

దుకాణంలో తక్కెడ ముందు ఐలన్న భార్య రాజవ్వ కూర్చుని ఉంది.

"కాకా లేడా అవ్వా?"

"ఆయన పోయి పన్నెండు దినాలాయె బిడ్డా. గుండెపోటు."

వెంకటేశం తక్కెడ పక్కనే కూలబడ్డాడు. నవ్వినందుకు సిగ్గేసింది. సంచిలోంచి పుస్తకం బయటికి తీశాడు.

"అవ్వా, ఇది ఎవరు అమ్మిన్రో ఎరికేనా?"

"అమ్ముడేంది? ఇరవై ఏండ్లు మా ఇంట్ల సందుగు పెట్టెల ఉన్నది. మీ కంపెనీల ఎవరో ఆ ఊరికి పోతున్నరని విని, పోయేటోనికి భయమైతదని దుకాణంల తెచ్చిపెట్టుకున్నడు."

వెంకటేశం చేతితొడుగులు ఆమె ముందు పెట్టాడు.

రాజవ్వ ఎడమచేతిది తీసి ఒళ్లో పెట్టుకుంది. కుడిచేతిది వెనక్కి ఇచ్చేసింది.

"ఇది నువ్వు పెట్టుకో బిడ్డా. మీ పాత మిషిన్‌ను ఆ ఊరికెంచి ఆయనే విప్పి తెచ్చి బిగించిండు. ఆ ఏడాదే ఆయన కుడిచేతి వేళ్లన్నీ దాని కింద పోయినయి."