ఇంకో మైలు

"‘డిగ్ యువర్ హీల్స్ ఇన్’. దీనికి అర్థం చెప్పు," అంది తల్లి, ఒళ్ళో బూటు పెట్టుకుని దాని అంచుకు జిగురు రాస్తూ.

"మడమలు నేలలోకి దిగేసి నిలబడటం. అంటే పట్టిన పట్టు వదలకపోవడం." కూతురు మంచం మీద కాళ్ళు చాపి, కుడి మోకాలికి హాట్ వాటర్ బ్యాగు ఆనించుకుంది. "పుస్తకం కూడా చూడకుండా అడిగేస్తున్నావే!"

"రోజూ వింటుంటే గోడలకైనా వచ్చేస్తాయి. ఊఁ, ‘బైట్ ది బులెట్’?"

"తూటా కొరకడం. నొప్పి ఓర్చుకుని, చెయ్యాల్సిన పని చేసెయ్యడం."

"తూటా కొరికితే పళ్ళుంటాయా? ఏం మాటలో, ఏం మనుషులో!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఫైర్ స్టేషన్ ఉద్యోగానికి ముందు పరుగు పరీక్ష, అందులో నెగ్గితే ఇంగ్లీషులో ఇంటర్వ్యూ. బాధ్యత గురించీ పట్టుదల గురించీ మనిషి హద్దుల గురించీ అడుగుతారనీ, ఇలాంటి మాటలు నాలుగు పడితే మార్కులు పడతాయనీ కోచ్ చెప్పాడు.

మొదట్లో ఈ నవ్వులు లేవు. కూతురు దరఖాస్తు పెట్టిన రోజు తల్లి పొయ్యి వెలిగించలేదు. మెట్లు కూలినట్టు, పొగలో దారి తెలియనట్టు, తలమీది టోపీ ఒక్కటే ఇంటికొచ్చినట్టు, అన్నీ ముందే ఊహించుకుని ఏడ్చింది. ఊహించుకోవడానికి ఆమె పెద్దగా కష్టపడనక్కర్లేదు. భర్తదీ అదే ఉద్యోగం. ఒకసారి బయటపడ్డవాడు, లోపల ఇంకెవరో ఉన్నారని మళ్ళీ వెళ్ళాడు. సంతాప సభలో అధికారి ‘బియాండ్ ది కాల్ ఆఫ్ డ్యూటీ’ అన్నప్పుడు, ఏదో పొగుడుతున్నాడనుకుని ఆమె తలూపింది. ఆ మాటకు అర్థం ఈ మధ్యే కూతురు చెప్పింది.

"డ్యూటీ అడిగినదాన్ని మించి చెయ్యడం అమ్మా."

"మించి ఎందుకు చెయ్యాలే?"

"అదే కదా నాన్న గొప్ప."

"అయితే నువ్వూ వెళ్తావా అలా?"

"లోపల మనిషుంటే వెళ్ళనా మరి?"

మర్నాటి నుంచే తల్లి మారిపోయింది. తెల్లారకముందే తనే కూతుర్ని లేపేది. సాయంత్రాలు మోకాలికి మందు రాసి, ఇంగ్లీషు మాటలు అప్పజెప్పించుకునేది. తను పనిచేసే బూట్ల ఫ్యాక్టరీ నుంచి తోలు ముక్కలూ జిగురూ తెచ్చి, ప్రతి ఆదివారం కూతురి బూట్లు విప్పి సరిచేసేది. బూట్లకు అడుగుభాగం అంటించే విభాగంలో ఆమె చేతికి పేరుంది. ఆమె అతికించిన చోట గోరు కూడా దూరదు.

"మీ అమ్మాయి ఒక పక్కకి ఒరిగి పరిగెడుతోందమ్మా," అన్నాడు కోచ్ ఒకరోజు మైదానంలో. "ఆ మోకాలు అందుకే వాస్తోందేమో. కొత్త బూట్లు కొని చూడండి."

"కొత్తవి కరుస్తాయి సార్. పరీక్ష ముందు పుండ్లు పడితే? దాని కాలు నాకు తెలుసు."

"సంచీ ఎప్పుడూ ఒకే భుజానికి తగిలించుకుంటాను సార్, అందుకే ఆ ఒరుగుడు," అంది కూతురు. "మా అమ్మ చేతి బూట్లు మాత్రం వదలను."

"అదృష్టవంతురాలివి! మా అమ్మయితే బూట్లు దాచేసి కూర్చునేది."

పరీక్షకు ముందు రోజు మోకాలు మడతపడటానికే మొరాయించింది. తల్లి దాన్ని ఒళ్ళోకి తీసుకుని నెమ్మదిగా నిమిరింది.

"ఇప్పటికైనా మించిపోయిందేం లేదు. మానేస్తావా తల్లీ? ఏ ఆఫీసులోనో కుర్చీ ఉద్యోగం చూసుకుందాం."

"‘గో ది ఎక్స్‌ట్రా మైల్’. ఇదీ నువ్వే అప్పజెప్పించుకున్నావు. అడిగినదానికంటే ఇంకో మైలు వెళ్ళడం."

తల్లి ఆ మోకాలిని నెమ్మదిగా ఒళ్ళోంచి దించింది.

"సరే. బూట్లు ఇలా ఇవ్వు. చివరిసారి సరిచేస్తాను."

పరుగు ఆఖరి చుట్టులో, గీత కనబడుతుండగా, కూతురి కుడికాలు పక్కకి తిరిగిపోయింది. పడ్డాక కూడా చేతుల మీద పాకింది. గీత చేరలేదు.

మోకాలి లోపల తెగిందన్నాడు డాక్టరు. ఆపరేషన్ చెయ్యాలి. నడవగలదు, కాస్త కుంటుతూ. పరిగెత్తడం, నిచ్చెనలెక్కడం ఇక ఈ జన్మకు లేవు.

ఇంటికొచ్చాక కూతురు తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"ఇంత చేశావు నాకోసం. నీ కష్టమంతా మట్టిపాలు చేశానమ్మా."

"పిచ్చిదానా! నువ్వు నా కళ్ళెదుట ఉన్నావు. అది చాలదూ?"

"నా హద్దు ఇంతేనేమో."

"ఇంతే అనుకో. పడుకో."

మాత్రల మత్తులో కూతురికి నిద్ర పట్టేదాకా తల్లి నుదురు నిమురుతూ కూర్చుంది. తర్వాత దుప్పటి సరిచేసి, తలుపు దగ్గరికి వేసి, మధ్యాహ్నపు ఎండ పడుతున్న పెరటి గట్టు మీదికి బూట్ల సంచీ తెచ్చుకుంది. ఎడమది పక్కన పెట్టింది. ఫ్యాక్టరీ కత్తితో కుడి బూటు లోపలి మెత్త పైకి లేపింది.

మడమ కింద ఒక పక్కకే, ఆదివారానికొకటిగా తాను పేర్చిన తోలు పొరల్ని ఒక్కొక్కటే పీకేసింది.