నోటితో నడిచే కారు

“బుర్ర్ర్ర్... ఆఁ, ఇప్పుడు రెండో గేరు వెయ్యండమ్మా,” అన్నాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు.

ఆమె వెయ్యలేదు. స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. కారు షెడ్డులోనే ఉంది. ఇంజను ఆగే ఉంది. ఆ చప్పుడు చేస్తున్నది మాస్టారి నోరు.

“మాస్టారూ, ఇవాళ పన్నెండో పాఠం. ఈ కారు ఎప్పుడు కదుల్తుంది?”

“ముందు చెయ్యి కుదరాలి కదమ్మా. బుర్ర్ర్...”

“మధ్యాహ్నం పన్నెండింటికి నాకు లైసెన్సు పరీక్ష.”

మాస్టారు చప్పుడు ఆపి నీళ్లు నమిలాడు. “నా బాధ కూడా వినండి. మీ దగ్గర ఫీజు పాత ధర లెక్కన తీసుకున్నాను. ఆ తర్వాత పెట్రోలు మూడుసార్లు పెరిగింది. రోజూ మిమ్మల్ని రోడ్డు మీద తిప్పితే నేను ఈ కారు అమ్ముకోవాలి. ప్రపంచమంతా ఇదే గోల. వార్తల్లో వినలేదా? ఏ దేశంలో చూసినా డ్రైవర్లు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారు.”

“కూర్చున్నారు సరే. నోటితో కారు నడుపుతున్నారా?”

పదకొండు పాఠాలు ఓపిక పట్టిన మనిషికి ఇక ఓపిక మిగల్లేదు. పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగి చూసి నవ్వుతుంటే, ఆగి ఉన్న కారులో ఎడమ సిగ్నలు వేసి ఎడమకు తిప్పిన రోజులన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఒళ్లు మండిపోయింది.

“మా ఆయన కాలు విరిగి మంచం మీద ఉన్నాడు,” అంది. “ఆయన నడిపే లాండ్రీ వ్యాను నాకిస్తామన్నారు. ఇవాళ సాయంత్రంలోగా లైసెన్సు చూపించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. వెళ్లి ఆ ఓనరు ముందు బుర్ర్ మనమంటారా నన్ను? దిగండి. బంకుకు పోదాం.”

“ట్యాంకులో చుక్క లేదమ్మా.”

“తోద్దాం.”

వీధి చివరి బంకు దాకా ఇద్దరూ కారును తోసుకుంటూ వెళ్లారు. పన్నెండు పాఠాల్లో ఆ కారు కదలడం అదే మొదటిసారి. ఇంట్లో వంట గ్యాసుకని దాచిన నోట్లు ఆమె పర్సులోంచి తీసి బంకు మనిషి చేతిలో పెట్టింది.

“దీనికి నిన్నైతే రెండు లీటర్లు వచ్చేవి,” అన్నాడతను నోట్లు చూసి. “పొద్దున్నే మళ్లీ పెంచారు.”

“వచ్చినంత పొయ్యి బాబూ. ఆ కథ నాకు చెప్పకు.”

రోడ్డెక్కారు. మొదటి కూడలిలోనే కారు ఆగిపోయింది. వెనకున్న బస్సు హారను చెవులు చిల్లులు పడేలా మోగింది. మళ్లీ స్టార్ట్ చేసింది. పది గజాలు పోయి మళ్లీ ఆగింది. ఎక్కడ పొరపాటు జరుగుతోందో మూడోసారి ఆగినప్పుడు గానీ ఆమెకు తెలియలేదు. అలవాటు కొద్దీ మాస్టారు పక్కన కూర్చుని చప్పుడు చేస్తూనే ఉన్నాడు. ఆమె ఇంజను మాట వదిలేసి ఆయన నోటిని బట్టి గేర్లు మారుస్తోంది.

“మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. మీరు నోరు మూసుకుంటే నాకు కారు వినిపిస్తుంది.”

ఆయన చిన్నబుచ్చుకుని అరచేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంజను వినపడింది. అది గొంతు బిగపట్టినప్పుడు గేరు మార్చింది, ఊపిరి పీల్చుకున్నట్టు కారు ముందుకు సాగింది. రెండో కూడలి దాటింది. వంతెన ఎక్కింది, దిగింది. ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇచ్చింది. ఆమెకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

“ఇది మొదటి రోజే నేర్పుంటే మీ సొమ్మేం పోయేది?”

“పెట్రోలు పోయేదమ్మా,” అన్నాడు మాస్టారు చేతి చాటునుంచి.

లైసెన్సు ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పన్నెండు కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. ఫోను మోగింది. భర్త.

“వస్తుందంటావా?” అన్నాడు.

“లైసెన్సు తీసుకునే ఇంటికొస్తాను. నువ్వు కాలు కదపకుండా పడుకో.”

ఆ ధీమా ఉత్తిది కాదు. పొద్దున్నైతే ఆ మాట అనగలిగేది కాదు. ఇప్పుడు నిజం కారు, నిజం రోడ్డు మీద, తన చేతులతో నడిపింది. వంట గ్యాసు డబ్బు పోయినా దండగ కాలేదనుకుంది.

పరీక్ష పెట్టేది ఆఫీసు కారులో. పరీక్షాధికారి పెద్దాయన. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. ఆమెకు ముందు వెళ్లిన కుర్రాడు తప్పాడట, తల వేలాడేసుకుని బయటికి పోయాడు.

కారెక్కి బెల్టు పెట్టుకుంది. అద్దం సర్దుకుంది. క్లచ్చి తొక్కి, దేవుణ్ణి తలుచుకుని, తాళం చెవి మీద చెయ్యి వేసింది.

అధికారి గబుక్కున ఆమె చేతికి అట్ట అడ్డం పెట్టాడు.

“తాళం తిప్పకండమ్మా, ఈ నెల మా ఆఫీసుకిచ్చిన పెట్రోలు మొన్ననే అయిపోయింది,” అని గొంతు సవరించుకుని, “ఇక్కడే కూర్చుని గేర్లు మార్చి చూపించండి. చప్పుడు నేను చేస్తాను,” అన్నాడు.