ఎవరికి అడ్డం

కోసిన దవడ ఎముక ముక్కను ఏం చేస్తారో ఎవరూ చెప్పరు, బహుశా పారేస్తారేమో, ఇరవై రెండేళ్ళు తనతోపాటే అన్నం తిన్న ముక్క... డాక్టర్ నిర్మలమ్మ ఏదో అడిగింది. ఫాయిజా ఉలిక్కిపడింది.

"నిద్రలో పండ్లు నూరతావా అంటాండా."

"నూర్తాది మేడం," అని తల్లి మహబూబ్‌బీ అందుకుంది. "పక్కన పండుకుంటే పిండిమర ఆడినట్టుంటాది."

నిర్మలమ్మ ఫాయిజా దవడలు రెండూ నొక్కి చూసింది. "ఇందులో సగం కండే. నూరి నూరి లావైంది. ముందు రాత్రిపూట పండ్లకు తొడుగు పెట్టుకోనీ. చాలకపోతే ఇంజెక్షన్ ఏస్తా, రెండు నెలల్లో సన్నబడతాది. ఆరు నెలలకు మళ్ళా ఏయించుకోవాల."

"అంటే ఈ దవడ మళ్ళా వస్తాదా?" అంది మహబూబ్‌బీ.

"వస్తాది."

"అయితే వద్దు. కోసేయాల్సిందే. బెంగుళూరికైనా పోతాం."

"కోసినాక తిరిగి రాదమ్మా. పెదవి కింద తిమ్మిరి పట్టి జన్మంతా ఉండిపోవచ్చు. అయినా బయటికి పోతే మొగానికి నఖాబ్ ఏసుకుంటాది గదా, ఈ దవడ ఎవరికి అడ్డం?"

"పులివెందుల సంబంధం మేడం. పెండ్లికొడుకు తల్లి ఫొటో చూసి, మగపిల్లోని మాదిరి ఉండాదనింది."

ఫాయిజా తల దించుకుంది. నెల రోజులుగా ఆ మాటను నములుతూనే ఉంది. మింగుడు పడలేదు.

మహబూబ్‌బీ బెంగుళూరు ఆసుపత్రి పేరు రాయించుకోవడానికి బయట కౌంటరు దగ్గరికి వెళ్ళింది. కుర్చీలో వదిలిన సంచిలో ఫోను మోగింది. కాబోయే అత్త అజ్మత్ బీ. ఫాయిజా తీసి పలికింది.

"యాడుండారు బేటీ?"

"ప్రొద్దుటూర్లో అత్తా. దవడ చూపిచ్చుకోను వస్తిమి."

"దవడకేమొచ్చె? పన్ను నొప్పా?"

"మీకు నచ్చలేదంట గదా..."

"ఎవురే చెప్పింది? నిండు మొగం, మా వానికి శానా నచ్చిందని మీ అమ్మకు రెండు తూర్లు చెప్తి!"

మహబూబ్‌బీ చీటీతో లోపలికి వచ్చింది. ఫాయిజా చేతిలో ఫోను చూసి ఆగిపోయింది.

"అమ్మీ, అత్త నచ్చిందనే చెప్పిందంటనే."

మహబూబ్‌బీ చీటీ మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

"కువైట్‌లో ఇంకోదాన్ని కట్టుకోని మనల్ని మరిచిపోయినోడు మీ అబ్బా," అంది చివరికి. "ఆ మనిషి దవడ నీ మొగాన దినామూ నాకెదురుగా కూచోని అన్నం తింటాంది. నువ్వు ఇల్లు దాటేలోపల ఒక్కతూరన్నా నా బిడ్డ మొగం చూడాలని ఉండాదే."

నిర్మలమ్మ కలం మూత పెట్టింది. గదిలో ఉన్నది ముగ్గురూ ఆడవాళ్ళే, మొహం కప్పుకోవాల్సిన పని లేదు.

గడ్డం కిందికి జార్చి ఉంచిన నఖాబ్‌ను ఫాయిజా కళ్ళ దాకా లాక్కొని, తల్లి వైపు తిరిగి, పిన్ను పెట్టుకుంది.