రంగు తెచ్చినవారి పేరు

“బావా! తలుపు తియ్యి! నీలం! నీలమయిపోనాది!”

ఎల్లారావు రెండు చేతులతో తలుపు బాదుతున్నాడు. గురునాథరావు నోట్లో వేపపుల్లతోనే బయటికి పరుగెత్తుకొచ్చాడు.

గుమ్మం మెట్టు కిందనే హైడ్రాంజియా మొక్క. నిన్నటిదాకా ఏ రంగూ తేలని గుత్తి తెల్లారేసరికి నిండుగా విచ్చుకుంది. నీలం. ఇంకే పేరూ పెట్టడానికి వీల్లేని నీలం.

పక్క క్వార్టరు నుంచి ఎల్లారావు భార్య అసిరమ్మ వచ్చింది. వాకిట్లో ముగ్గు వేస్తూ మధ్యలో లేచినట్టుంది, వేళ్ళకు గుల్లసున్నం ముగ్గుపిండి తెల్లగా అంటుకునే ఉంది.

“ఓలమ్మో! సముద్రం రంగు! సూసారా అన్నయ్యా? నా పటిక నీళ్ళు పని సేసాయి!”

“నీ పటికేటి? నాను పాతిన మేకులవి! ఓడల దగ్గర తుప్పట్టినవి ఏరి మరీ తెచ్చాను.”

“నీ మేకులకి పువ్వులు పుయ్యవు. ఎవుడి కాల్లోనో గుచ్చుకుంటాయి.”

“సాయంత్రం మైకులో నా పేరు సదివినప్పుడు సూద్దువులే!”

ఆ రోజే పోర్టు కాలనీ పూలపోటీ. జడ్జి ఇంటింటికీ వచ్చి మొక్కలు చూస్తారు. సాయంత్రం క్లబ్బు దగ్గర మైకులో పేర్లు చదువుతారు. ఈ కాలనీలో హైడ్రాంజియా అంటే గులాబీ రంగే. నీలం పూయిస్తే ప్రత్యేక బహుమతి అనీ, రంగు తెచ్చినవారి పేరే చదువుతామనీ ముందే చాటించారు.

గురునాథరావు పువ్వు మీంచి చూపు తిప్పలేదు.

“సదవాల్సింది మీ ఇద్దరి పేర్లూ కాదు. ఆదిలక్ష్మి పేరు.”

అతని భార్య ఆదిలక్ష్మమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

“అక్కంటే నాకు మాత్రం పేణం కాదేటి బావా?” అన్నాడు ఎల్లారావు గొంతు తగ్గించి. “కానీ నిజం మాటాడుకుందాం. అరకులో నీలం పూసే మొక్క నుంచే గదా కొమ్మ తెచ్చింది? ఇక్కడ పాతాక గులాబీ అయిపోనాది. ఆవిడున్నన్నాళ్ళూ గులాబీయే. ఆవిడెల్లిపోయాక నీలం వచ్చింది. ఇందులో ఆవిడ సేసిందేటి?”

“పటిక పోసింది.”

“ఆవిడెల్లిపోయాక నానూ అదే పోసాను అన్నయ్యా. ఆవిడ సెప్పినంతే పోసాను,” అంది అసిరమ్మ. “ఆవిడకి రానేదు, నాకొచ్చింది. నా సెయ్యి మంచిది కావాల.” అనేసి, నాలిక్కరుచుకుంది.

గురునాథరావు వేపపుల్ల పారేశాడు.

“పోయినేడు మైకు ముందు మొదటి వరసలో కూకుంది. ‘సూడండి, వచ్చే ఏడు నా పేరు సదువుతారు’ అంది. సదివించాలి. అంతే.”

అంతలో గేటు దగ్గర కలకలం. జడ్జి శ్రీరామ్మూర్తి గారు వస్తున్నారు. కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైన మనిషి. కబురు అప్పుడే పాకిపోయినట్టుంది, ఆయన వెనక సగం కాలనీ ఉంది. ఆయన మొక్క ముందు గొంతుక్కూర్చుని కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“అబ్బ!” అన్నారు చిన్నపిల్లాడిలా. “ఎవరండీ? ఎవరిదీ పని?”

“నాదండి!” “నాదండి!” మొగుడూ పెళ్ళాం ఒకేసారి అరిచారు. జనం గొల్లుమన్నారు.

“ఒక్కొక్కరు! ఏం వేశారు?”

“మేకులండి!”

“మేకులు మేకులే. వాటివల్ల రంగు రాదు.”

ఎల్లారావు మొహం చూసి అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాను పటికండి!” అంది గెలిచేసినట్టు.

“ఆఁ! పటిక! అదీ మాట!” శ్రీరామ్మూర్తి గారు లేచారు. “అయితే నీ పేరే చదవాలమ్మా.”

“ఆగండి,” అన్నాడు గురునాథరావు. “మా ఆవిడా అదే పోసిందండి. ఏళ్ళ తరబడి పోసింది. మరి ఆవిడకెందుకు రాలేదు?”

శ్రీరామ్మూర్తి గారు ఆగారు. మళ్ళీ కూర్చున్నారు. పాదులో మట్టి చిటికెడు తీసి నలిపారు.

“ఎంత పటిక పోసినా ఈ మొక్కకు సున్నం తగిలితే గులాబీ రంగే వస్తుంది. సున్నం పటికను పని చెయ్యనివ్వదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ పాదులోకి ఎక్కణ్ణుంచో సున్నం చేరుతూ ఉండాలి. మీ ఇంట్లో ఆకూవక్కా వేసుకునేవాళ్ళున్నారా?”

“ఎవరూ లేరండి.”

“మరి ఎక్కణ్ణుంచి? ఎక్కణ్ణుంచైనా గానీ, ఈ ఏడు అది ఆగిపోయింది. అది ఆగడం వల్లే ఈ నీలం. పటిక ఎప్పుడూ ఉన్నదేగా!” ఆయన గొంతులో హుషారు ఇంకా పెరిగింది. “ఆపినవారే రంగు తెచ్చినవారు. చెప్పండి, ఎవరాపారు?”

ఎల్లారావు అసిరమ్మను చూశాడు. అసిరమ్మ తల అడ్డంగా ఊపింది.

గురునాథరావు పక్క వాకిలి కేసి చూస్తున్నాడు. అక్కడ అసిరమ్మ సగం వేసి వదిలేసిన ముగ్గు. నిన్నటి ముగ్గు కడిగిన నీళ్ళు ఇంకా ఆ మెట్టు దిగుతూ, తెల్లగా, బంతిమొక్కల పాదులోకి పారుతున్నాయి. అతను తన మెట్టు చూసుకున్నాడు. ఎర్రగా, పొడిగా, ఉత్తగా ఉంది.

“ఆదిలక్ష్మి పేరే చదవండి,” అన్నాడు. “ఆవిడ ఈ గుమ్మంలో ముగ్గు వెయ్యని ఏడు ఇదొక్కటేనండి.”