ఆ మూల మాత్రం ఖాళీగా

“ఇక్కడ ఏనుగుల్ని పెంచుతావా తల్లీ?”

డాబా మీద కూర్చున్న అమ్మాయి ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తింది. నెలకోసారి వచ్చి నీళ్ల ట్యాంకులు కడిగే తాత, తడిసిన ప్యాంటు మడతలు దించుకుంటూ తెరలోకి తొంగి చూస్తున్నాడు.

“ఏనుగులు కాదు తాతా, తోట! చూడు, త్రీడీ.”

వేలితో తిప్పింది. కొలను, రాళ్ల బాట, ఇటుకల మండపం గిరగిరా తిరిగాయి.

“బాగుంది. డాబా కూలితే కింది ఫ్లాటు వాళ్లు కూడా చూస్తారు.”

అమ్మాయికి ఒళ్లు మండింది. ఆదివారం లోపు తేలికైన, చవకైన ప్లాను చూపించకపోతే డాబాని హోర్డింగు వాళ్లకి ఇచ్చేస్తానన్నాడు అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు బాబాయ్. ఈ ప్లాను ఖర్చు చూసి, “దీని బదులు అడవే కొనుక్కోవచ్చు కదమ్మా” అన్నాడు కూడా.

“అయితే నువ్వే వెయ్యి ప్లాను,” అంది ఉక్రోషంగా.

తాత చెప్పులు విడిచాడు. మడమతో నేలని తడుతూ, చెవి ఒగ్గి వింటూ నడిచాడు. ఆగినచోటల్లా వంగి, నాలుగే వేళ్లున్న ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుని ఇంటూ గుర్తు పెట్టాడు.

“బరువు డ్రమ్ములు వీటి మీదే. కింద దూలాలున్నాయి. మిగతా చోటంతా పాత పెయింటు డబ్బాల్లో ఆకుకూరలు. సగం మట్టి, సగం ఎండుటాకులు. ట్యాంకు నిండి పొర్లిపోయే నీళ్లని గొట్టంతో ఇటు తిప్పెయ్.”

అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద పరుగులు పెట్టాయి.

“తాతా! ఖర్చు పదో వంతుకి దిగింది! నువ్వు మామూలోడివి కాదు!”

తాత నవ్వి, డాబా చివరి మూలకి చెయ్యి చూపించాడు.

“ఆ మూల మాత్రం ఖాళీగా ఉంచు తల్లీ.”

“అక్కడ మొయ్యదా?”

“ఖాళీగా ఉంచు. అంతే.”

ఆదివారం బాబాయ్ ఒక ఇంజనీరుని వెంటపెట్టుకొచ్చాడు. స్లాబు కింద దూలాల ఇనుము ఎక్కడుందో పసిగట్టే మిషన్ని సుద్ద గుర్తుల మీద జరిపాడాయన. ప్రతి గుర్తు దగ్గరా అది కూత పెట్టింది. అమ్మాయి గుండె కూడా.

“ముప్పై ఏళ్ల బిల్డింగు, డ్రాయింగులు కూడా లేవన్నారు. ఇంత కచ్చితంగా ఎవరు పెట్టారివి?”

“మా ట్యాంకుల తాత!”

“మరి ఆ మూల వదిలేశారేం?”

“అక్కడ మొయ్యదట.”

ఇంజనీరు మిషన్ని అటు జరిపాడు. “ఎవరన్నారు? అన్నిటికంటే గట్టి చోటు ఇదే. ఏనుగుని కట్టేసుకోండి!”

బాబాయ్ సరేననగానే అమ్మాయి ఎగిరి గంతేసింది. తాత కూడా ఒక్కచోట పప్పులో కాలేశాడని నవ్వుకుని, అన్నిటికంటే పెద్ద డ్రమ్ముని ఆ మూలకే దొర్లించి, నిండా మట్టి పోసి జామమొక్క నాటింది.

తాతకి చూపించాలని నెలంతా రోజులు లెక్కపెట్టుకుంది. తీరా వచ్చింది వేరే మనిషి.

“పెద్దాయన ఇంక రాడండీ. మోకాళ్లు అరిగిపోయాయి, కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అన్ని బిల్డింగులూ ఎప్పుడో మానేశాడు, మీ డాబా ఒక్కటే ఎక్కేవాడు.”

“మాది ఒక్కటే ఎందుకు?”

“ఏమోనండీ. ట్యాంకు కడిగాక ఆ మూల కూడా కడిగి వచ్చేవాడు.”

ఇద్దరూ కలిసి డ్రమ్ముని ఒరిగించి, అంచు మీద మెల్లగా తిప్పుతూ పక్కకి జరిపారు. అమ్మాయి బకెట్టెడు నీళ్లు గుమ్మరించి మట్టిని చేత్తో తోసేసరికి, ముప్పై ఏళ్ల కిందట స్లాబు ఇంకా పచ్చిగా ఉండగా ఎవరో ఒత్తిన ఎడమ అరచేతి ముద్ర లీలగా బయటపడింది, నాలుగే వేళ్లతో.